పిడికెడు బియ్యం పంపినవాళ్లకు రాసిన ఉత్తరం

హైదరాబాదు పరదేశమా అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మేము వెళ్లిన రోజుల్లో అది నైజాం రాజ్యం. రైలు సరిహద్దు దాటగానే సుంకం వాళ్లు ఎక్కి మా ట్రంకుపెట్టె విప్పించారు. నా కాన్పుల సంచిలో కత్తెర్లు చూసి ఇవి దేనికని ఉర్దూలో అడిగారు. మాకు ఉర్దూ ముక్క రాదు. మా ఆయన లేచి నిలబడి, పొట్ట ముందు చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించారు. వాళ్లు నవ్వుకుంటూ దిగిపోయారు. అక్కడ రూపాయి వేరు, కచేరీ భాష వేరు, రాజు వేరు. మా క్రైస్తవ సంఘం పుస్తకంలో మా పేర్ల పక్కన ‘పరదేశ సేవ’ అనే రాసుకున్నారు.

అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఆయనకు యాభై ఏడు. నేను మిషను ఆస్పత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి చేసి రిటైరైనదాన్ని. ఆయన మిషను బడి హెడ్మాస్టరుగా రిటైరైనవారు. నలుగురూ మాస్టారు అంటారు కనక నేనూ ఇక్కడ మాస్టారు అనే రాస్తాను.

ఈమధ్య మా సంఘం నుంచి మళ్లీ ఒక జంట దూరదేశం వెళుతోందట. వాళ్లకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని, ధైర్యం కలిగేలా రాయమని పాస్టరుగారు కబురు పెట్టారు. ధైర్యం నా దగ్గర లేదు. జరిగింది ఉంది. మేము రాసిన ఒక ఉత్తరం వల్ల, మా కోసం తెరిచి ఉన్న తలుపు ఒకటి మూసుకుపోయింది. ఆ తలుపు వెనక సత్తెమ్మ అనే మనిషి నెలలు నిండి ఉంది. నేను చెప్పదలచుకున్నది అంతే. మిగతాదంతా అక్కడికి చేరడానికే.

మమ్మల్నే ఎందుకు పంపారంటే

మా ఊరి సంఘంలో ఆడవాళ్లు అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవాళ్లు. ఆదివారం ఆ ముంత గుడికి తెచ్చి ఒక గోనెలో కుమ్మరించేవాళ్లు. వాళ్లేమీ కలిగినవాళ్లు కాదు. నాట్లకూ కోతలకూ పోయే కూలి జనం. తమకు గంజి పలచనైనా దేవుడి పిడికెడు తీసేవాళ్లు. ఆ బియ్యం మీదే మేము హైదరాబాదులో ఏడేళ్లు బతికాము.

బయల్దేరిన రోజు స్టేషనుకు వచ్చినవాళ్లలో రాహేలమ్మ ఒకతె. ఆమె కాన్పులు మూడూ నేనే చేశాను. రైలు కిటికీ పట్టుకుని, “ఆడ పిల్లలెట్టా ఉంటారో, ఏం తింటారో రాయండమ్మగారూ” అంది. రాస్తానన్నాను.

ముసలి జంటనే ఎందుకు పంపారంటే, ఒంటరి ఆడదానికి ఆ ఊళ్లో ఇల్లు అద్దెకివ్వరు. వయసు మగవాణ్ణి గల్లీల్లోకి రానివ్వరు. నెరిసిన తలలు రెండు కలిసి వస్తే ఎవరూ అనుమానించరు. పైగా మాకు పిల్లలు లేరు, వెళ్లొద్దని ఏడ్చేవాళ్లు లేరు. ఈ ఆఖరు సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ, అసలు కారణం అదేనని మా ఇద్దరికీ తెలుసు.

గడప బయటి మనిషి

పాతబస్తీకి ఆవల మాదన్నపేటలో కూరగాయల మండీకి దగ్గరగా రెండు గదుల ఇల్లు దొరికింది. చుట్టూ బర్రెల దొడ్లు. తెల్లారేసరికి పాలు పితికి, ఇత్తడి బిందెలు నెత్తిన పెట్టుకుని మలక్‌పేట బంగళాలకు పోయేవాళ్లు ఆ గల్లీ మగవాళ్లు. నాకు మూడు నెలల్లోనే చేతినిండా పని దొరికింది. కడుపుతో ఉన్న మనిషి ఏ రాజ్యంలోనైనా ఒక్కటే.

ఆయనకు పని దొరకలేదు. దీని గురించి మీకెవరూ చెప్పరు కనక నేను చెబుతున్నాను. ముప్పై ఏళ్లు గంట కొట్టించి, పేర్లు పిలిచి, బెత్తం పట్టుకుని తిరిగిన మనిషి, ఆ ఊళ్లో నా సంచి మోసే మనిషి అయ్యాడు. గాజుల దుకాణాల వెనక గల్లీలో ఒక పెద్ద ముసల్మాను ఇంట్లో కాన్పుకు పిలిచారు. పరదా ఇల్లు. నేను లోపలికి పోయాను, ఆయన అరుగు మీద గొడుగు పట్టుకుని కూచున్నారు. మూడు గంటలైంది, నాలుగైంది. ఆ ఇంటి పెద్దాయన జాలిపడి చాయ్ తెచ్చిచ్చి, “బేగం సాబా కామ్ కర్రే. ఆప్ క్యా కర్తే మాస్టర్ సాబ్?” అని అడిగాడట. మీ ఆవిడ పనిచేస్తోంది, మరి మీరేం చేస్తారు అని. మాస్టారు తనకు వచ్చిన నాలుగు ఉర్దూ మాటల్లోంచి ఒకటి ఏరుకుని, “ఇంతెజార్” అన్నారట. ఎదురుచూడ్డం.

ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడే ఆలోచించి ఉంటే బాగుండేది. జంటను పంపేవాళ్లు ఇద్దరికీ పని చూపించి పంపాలి. ఒకరికి పనీ ఒకరికి ఎదురుచూపూ ఇస్తే, ఎదురుచూసేవాళ్లు తమ పనిని తామే తయారుచేసుకుంటారు. ఆయన తయారుచేసుకున్న పని ఉత్తరం.

నెలకొకసారి మా సంఘానికి ఉత్తరం రాయాలి. దాన్ని ఆదివారం గుడిలో చదివి, తర్వాత సంఘపు చిన్న పత్రికలో అచ్చువేసి, ఒక కట్ట మాకూ పంపేవాళ్లు. ఆ ఉత్తరం కోసం ఆయన వారం ముందునుంచే కాగితాలు సర్దుకునేవారు. మంచి గ్రాంథికం, ముత్యాల్లాంటి అక్షరాలు. నా రోజంతటిలో జరిగింది అడిగి అడిగి రాసుకునేవారు. నా పని ఆయన చేతిలో మరీ అందంగా కనిపించేది.

బాలమ్మ కొడవలి

మా ఎదుటి దొడ్డి బాలమ్మది. కొడుకు రాజయ్య, కోడలు సత్తెమ్మ. ఆరు బర్రెలు. సత్తెమ్మకు అప్పటికి ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ ఏడో రోజో ఎనిమిదో రోజో పోయారు. పాలు పట్టడం మానేసేవాళ్లు, దవడ బిగుసుకునేది, ఒళ్లు విల్లులా వంగిపోయేది. గాలి సోకిందనేవాళ్లు. నాకు వినగానే తెలిసింది, అది ధనుర్వాతం. దొడ్లో గడ్డి కోసే కొడవలితో బొడ్డు కోసి, పిడక బూడిద అద్దేవాళ్లు.

నాలుగో కాన్పుకు బాలమ్మ నన్ను పిలిచింది గానీ, కొడవలి మాత్రం వదలనంది. “మా అత్త గీ కొడవల్తోనే కోసింది, ఆమె అత్త గీ కొడవల్తోనే కోసింది. నీ కత్తెర మా ఇంట్ల నడ్వది నర్సమ్మా” అంది.

వార్డులో ఉన్న నాళ్లలో అయితే నేను అరిచేదాన్ని. ఆ ఊళ్లో అరిస్తే వినేవాళ్లు లేరు. “సరే, నీ కొడవలితోనే కోద్దాం. కానీ దానికి స్నానం చేయిద్దాం” అన్నాను. వాళ్ల గిన్నెలో, వాళ్ల పొయ్యి మీద, వాళ్ల కొడవలినే అరగంట సేపు మరిగించాను. బూడిద తప్పదంటే బిడ్డ నొసట పెట్టించాను, బొడ్డు జోలికి పోనివ్వలేదు. ఏడో రోజు గడిచింది, ఎనిమిదో రోజు గడిచింది. ఇరవై ఒకటో రోజున ఆ పిల్లవాడు చంకలో ఉండగా సత్తెమ్మ మా గడప ఎక్కింది.

అప్పటినుంచి శుక్రవారం శుక్రవారం మా ఇంట్లో ప్రార్థనకు వచ్చి వెనక గోడకు ఆనుకుని కూచునేది. ముగిశాక మాస్టారికి చెంబెడు పాలిచ్చి పోయేది. ఒకరోజు నేను ఊరుకోక, “సత్తెమ్మా, మా దేవుడి మీద నీకు నమ్మకం కలిగిందా?” అని అడిగాను.

ఆమె నవ్వింది. పై పన్ను ఒకటి కొంచెం ముందుకుండేది, నవ్వితే బాగుండేది. “మా ఎల్లమ్మకు మొక్కిన, మీ యేసయ్యకు మొక్కిన. పోరణ్ణి ఎవలు కాపాడిన్రో ఎవలకెరుక? జెర ఇద్దరికీ దండం పెట్టుకుంట. నీకు గూడ పెడ్త, నువ్వు గాదా కొడవలి మరగవెట్టింది?”

నేను మాస్టారికి ఆ మాట చెప్పాను, మొత్తం చెప్పాను. ఆయన ఎంతో సంతోషించి రాసుకున్నారు.

అధ్యక్షులవారి కార్డు

మా సంఘ కమిటీ అధ్యక్షులు మంచివారే. దొంగ కాదు, దుర్మార్గుడు కాదు. కానీ ఆయన హైదరాబాదు ఎప్పుడూ రాలేదు. మేము వెళ్లిన రెండేళ్లకు ఒక కార్డు రాశారు. ‘ప్రతి నెలా బొడ్లూ మాయలూ కడుపునొప్పులే వ్రాయుచున్నారు. ఇది ఆస్పత్రి నివేదికవలె ఉన్నది. బియ్యము వేయు స్త్రీలు తమ బియ్యమునకు ఫలమేదని అడుగుచున్నారు. ఒక్క ఆత్మ పేరైనను వ్రాయుడి.’

మాస్టారు ఆ కార్డును బైబిల్లో పెట్టుకున్నారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కూలి పనికి పోయే ఆడవాళ్లు తమ నోటి బియ్యం పంపుతుంటే మనం తిని కూచుంటున్నామన్న బాధ ఆయనది. నాకూ ఉంది.

ఆ నెల ఉత్తరం రాసి, అలవాటు ప్రకారం పోస్టు చేసే ముందు నాకిచ్చారు. అందులో ఇలా ఉంది. ‘మాదన్నపేటలో పాడిపశువులు గల ఒక ఇంటి కోడలైన సోదరి సత్తెమ్మ తన కులదేవతను రహస్యముగా విడిచి, రక్షకుని పాదములు ఆశ్రయించినది. ఆమె భర్త రాజయ్య ఇంకను అజ్ఞానాంధకారములో ఉన్నాడు. అతనికొరకు ప్రార్థించుడి.’

“విడిచానని ఎక్కడందండీ?” అన్నాను.

“మొక్క మొలిస్తే చెట్టు వచ్చినట్టే కదా ఎస్తేరూ” అన్నారు.

“పేర్లెందుకు మరి?”

“పేరు రాయమనే కదా అడిగారు? అయినా వాళ్లెక్కడ, మన ఊరెక్కడ? ఈ గల్లీలో తెలుగు అచ్చు చదివేవాడెవడు?”

అది నిజమే. బడి ఉన్నా అక్కడ చదువంతా ఉర్దూలోనే. ఆయన మొహంలో చాలా రోజులకు ఒక కళ కనిపించింది. ఆ ఒక్క కాగితమే ఆ మనిషికి మిగిలిన పని అనిపించింది. దాన్ని కూడా నేను దిద్దితే ఆయనకేం మిగులుతుందని ఊరుకున్నాను. కవరు అంటించింది నేనే.

ఆ రాత ఆయనది, తప్పు ఇద్దరిదీ. కొత్తగా వెళ్లేవాళ్లకు ఇది చెబుతున్నాను. ఒకరి పని మీద ఒకరికి జాలి పుడితే అక్కడ జాగ్రత్తపడండి. భార్యాభర్తలు ఒకరినొకరు నొప్పించకూడదనుకుని చేసే తప్పు మూడో మనిషికి తగులుతుంది.

రాజయ్య చదువు

తర్వాతి వానాకాలంలో ఆయనకు నిజమైన పనే ఒకటి దొరికింది. రాజయ్య వచ్చి, “సారూ, నాకు జెర నాలుగచ్చరాలు నేర్పరాదు? దస్కత్ పెట్టమంటరు, ఏం రాసిన్రో ఎరుక ఉండదు, ఏలుముద్ర ఏసి వస్త” అన్నాడు. రాజయ్య వెంట ఇంకో నలుగురు వచ్చారు. పాలు పోసి వచ్చాక పొద్దున తొమ్మిదింటికి మా అరుగు మీద బడి. మాస్టారికి పదేళ్లు తగ్గిపోయాయి. బెత్తం కూడా కొన్నారు గానీ అది ఎప్పుడూ గోడకే ఉండేది.

అక్షరాలు అయ్యాయి, గుణింతాలు అయ్యాయి. చదివించడానికి అచ్చు కాగితాలు లేవు. ఉన్నవల్లా మా సంఘం నుంచి కట్టలుగా వచ్చే పత్రికలు. ఆయన వాటినే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచారు. పాత కట్టల్లో ఎన్నో నెలలవి కలిసిపోయాయి. తాను ఏ నెల ఏం రాసిందీ ఆయనకు గుర్తులేదు. నాకూ గుర్తులేదు. ఇంత తెలివితక్కువ పని చేస్తామా అని మీరనుకోవచ్చు. చేశాము.

నేను లోపల కూర తరుగుతున్నాను. రాజయ్య వేలు అక్షరాల కింద పెట్టి కూడబలుక్కుంటున్నాడు. “మా…ద…న్న…పేట. సార్, మన మాదన్నపేటనే?” పక్కవాళ్లు నవ్వారు. “సో…ద…రి. స…త్తె…మ్మ.” ఆగాడు. “సార్, నా పెండ్లాం పేరు గూడ అచ్చుల వడ్డదా?”

ఆ గొంతులో గర్వం ఉంది. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. మాస్టారు కాగితం లాక్కోవచ్చు, వేరే పేజీ తిప్పించవచ్చు. ముప్పై ఏళ్లు చదువు చెప్పిన మనిషికి, చదువుతున్నవాడి చేతిలోంచి కాగితం లాగే అలవాటు లేదు.

రాజయ్య చదువుతూనే ఉన్నాడు. ‘కులదేవతను’ దగ్గర గొంతు తగ్గింది. ‘రహస్యముగా విడిచి’ అని రెండుసార్లు చదివాడు. చివరికి తన పేరు దగ్గరకొచ్చాడు. తర్వాతి మాట ఎంత ప్రయత్నించినా నోరు తిరగలేదు.

“సార్, గీ పెద్ద మాట ఏంది?”

మాస్టారు తల వంచుకున్నారు.

“అంధకారమంటె చీకటే గద సార్? నేను చీకట్ల ఉన్ననని రాసిన్రా? ఎవలు రాసిన్రు?”

“నేనే రాశాను రాజయ్యా.”

రాజయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. పలక అరుగు మీద ఉంచాడు. “సదువు మంచిగనే వచ్చింది సార్” అని దిగిపోయాడు. మిగతా నలుగురూ లేచారు. ఆ బడి అంతటితో సరి.

లొల్లి ఏమీ జరగలేదు. రాళ్లు పడలేదు, ఎవరూ తిట్టలేదు. వాళ్ల కులం పెద్దలు కూచున్నారు. సత్తెమ్మ తాను ఎల్లమ్మను విడిచిపెట్టలేదని బిడ్డ మీద ఒట్టేసి చెప్పిందట. అయినా తప్పు వేశారు. నర్సమ్మ ఆ గడప తొక్కరాదు, ఆ ఇంటివాళ్లు మా గడప తొక్కరాదు అన్నారు. తొక్కితే కులంలో నీళ్లూ నిప్పూ బంద్. అప్పటికి సత్తెమ్మకు మళ్లీ ఏడో నెల.

గేటు దగ్గర

ఆ రెండు నెలలూ ఆమెను దూరంనుంచి చూస్తూ ఉన్నాను. కాళ్లు వాచాయి. మొహం పాలిపోయింది. నేను చూస్తే తల తిప్పుకునేది. ఒక్కసారి మాత్రం నీళ్ల పంపు దగ్గర, ఎవరూ లేనప్పుడు, “నేనేం పాపం చేసిన నర్సమ్మా? ఇద్దరికి దండం పెట్టిన గంతే” అంది.

నొప్పులు మొదలయ్యాయని ఒక పొద్దున కూరగాయలమ్మే ఆవిడ చెప్పింది. సంచి తీసుకుని వెళ్లాను. మాస్టారు గొడుగు పట్టుకుని వెనక వచ్చారు. దొడ్డి గేటు దగ్గర బాలమ్మ అడ్డం నిలబడింది. ఆమె కళ్లల్లో కోపం లేదు. అలిసిపోయి ఉంది.

“రాకు నర్సమ్మా. కులమోళ్లు చూస్తున్నరు. కొడవలి మరగవెట్టిన, నువ్వు చెప్పినట్టే. బూడిద గూడ అంటనియ్య. నువ్వు నేర్పింది నేను మర్వలే. ఫికర్ చెయ్యకు, పో.”

పోలేదు. గేటు బయట నిలబడ్డాను. కొంతసేపటికి బిడ్డ ఏడుపు వినపడింది. గట్టి ఏడుపు. అక్కడే నేల మీద కూచున్నాను. దేవా, నీకు స్తోత్రం అన్నాను. తొందరపడి అన్నాను. కొంతసేపటికి వాళ్ల మంత్రసాని బయటకొచ్చి బాలమ్మతో, “మాయ వడ్తలేదు. నెత్తురు ఆగుతలేదు” అంది.

ఆ మాట విన్న మంత్రసానికి చెయ్యాల్సిందేమిటో చేతులకే తెలుస్తుంది. నా వార్డులో అలాంటివాళ్లను ఎందరినో లేపి ఇంటికి పంపాను. “బాలమ్మా, ఒక్కసారి పోనివ్వు. తర్వాత చెప్పుతో కొట్టు” అన్నాను. బాలమ్మ కొడుకు వైపు చూసింది. రాజయ్య వైపు నేనూ చూశాను.

“కులం పెద్దమనిషిని అడిగొస్త” అన్నాడు. “గీడనే ఉండు నర్సమ్మా, యాడికి పోకు.” పెద్దమనిషి ఇంట్లో లేడు, పాలు పోయడానికి మలక్‌పేట పోయాడు. రాజయ్య మలక్‌పేట దాకా పరుగెత్తి బంగళాలన్నీ వెతికాడు.

బాలమ్మను తోసుకుని లోపలికి పోవచ్చు. నాకన్నా పదేళ్లు పెద్దది, పీలగా ఉంది. ఎందుకు పోలేదో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మతం మార్చేవాళ్లు ఇంట్లోకి జొరబడ్డారంటారు, మిగిలిన ఇళ్లూ మూసుకుంటాయి, మా పని మొత్తం పోతుంది, ఇదీ నేను ఆలోచించింది. లోపల నెత్తురు పోతుంటే గేటు బయట నిలబడి మా సేవ సంగతి ఆలోచించాను. ఉత్తరం తప్పును మాస్టారితో పంచుకోగలను గానీ ఇది నా ఒక్కదానిదే.

రాజయ్య మధ్యాహ్నం ఎండలో పరుగెత్తుకొచ్చాడు. “పొమ్మన్నడు. పో నర్సమ్మా, జెల్ది పో.” పోయాను. నులక మంచం కిందకి కారిన నెత్తురు నల్లబడి ఉంది. సత్తెమ్మ కళ్లు సగం తెరిచి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మాయ తీశాను, తీయడం నాకు చేతనయిన పని కనక. అప్పటికే ఆమె లేదు.

వచ్చేటప్పుడు గేటు పక్క అరుగు మీద మాస్టారు గొడుగు పట్టుకుని కూచుని ఉన్నారు. ఆయనకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

నిద్రించినది

ఆ నెల మాస్టారు నాలుగు వాక్యాల ఉత్తరం రాశారు. గ్రాంథికం లేదు. ‘సత్తెమ్మ కాన్పులో చనిపోయింది. ఆమె తన దేవతను విడవలేదు. మేము అబద్ధం రాశాము. అందువల్లే ఆమెకు సాయం అందలేదు.’ ఆ కాగితం నేను దిద్దలేదు.

రెండు నెలలకు పత్రికల కట్ట వచ్చింది. అందులో ఒక మూల ఇలా ఉంది. ‘మన పరదేశ సేవా ఫలమైన సోదరి సత్తెమ్మ ప్రభువు నందు నిద్రించినది.’ విశ్వాసిగా చనిపోయినవాళ్లకు వాడే మాట అది.

మాస్టారు అది చదివి కళ్లజోడు తీసి మడిచి కిటికీలో పెట్టారు. మళ్లీ కలం పట్టలేదు. నేనూ రాయలేదు. అధ్యక్షులవారు రెండు కార్డులు వేసి ఊరుకున్నారు. మేము మరో మూడేళ్లు అక్కడే ఉన్నాము. కాన్పులు చేశాను. వేరే గల్లీల్లో, మమ్మల్ని ఎరగని ఇళ్లల్లో. మండీకి పోవాలంటే బాలమ్మ దొడ్డి ముందునుంచి పోవాలి. నేను చుట్టు తిరిగి పోయేదాన్ని, ఆ దొడ్డి వైపు తల తిప్పేదాన్ని కాదు.

యుద్ధం రోజుల్లో ఒక వానాకాలం మాస్టారికి విషజ్వరం వచ్చింది. పద్దెనిమిదో రోజున పోయారు. అక్కడి సమాధుల దొడ్లోనే పెట్టాము. పోయే ముందు రోజు తెలివొచ్చి, “ఎస్తేరూ, ఆ పెద్ద మాట రాజయ్యకు విడమర్చి చెప్పలేకపోయాను” అన్నారు. ఆయన్ని ఓదార్చడానికి నాకు ఒక్క వాక్యమైనా నోటికి రాలేదు. బైబిలంతా నాకు కంఠతా వచ్చు.

మూడో రోజున రాజయ్య వచ్చాడు. గడప ఎక్కలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అరుగు మీద పెట్టాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. “సార్‌ది సార్‌కే ఇస్త అనుకున్న. ఆలిశ్యమైంది.” పోబోయి వెనక్కి తిరిగాడు. “నాకు సదువు రాకుంటెనే మంచిగుంటుండె నర్సమ్మా” అని వెళ్లిపోయాడు. నేను ఆ కాగితం తీసి బైబిల్లో పెట్టాను.

తర్వాత మా ఊరు తిరిగొచ్చాను. గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు. అధ్యక్షులవారు ముందు వరసలో కూచున్నారు. లేచి నిలబడి, ఇక్కడ రాసినదంతా అక్కడ చెప్పాను. మాస్టారి తప్పు చెప్పాను, నా తప్పు చెప్పాను. అయ్యాక అధ్యక్షులవారు, “కన్నులు మూసుకుని ప్రార్థించుదము” అన్నారు. ప్రార్థన అయింది. అందరూ నన్ను తప్పుకుని వెళ్లిపోయారు.

రాహేలమ్మ ఒక్కతె గుమ్మం దగ్గర ఆగింది. జుట్టు తెల్లబడింది. చంకలో ఆ వారం బియ్యం ముంత, ఖాళీది. ఫలమేదని అడిగిన స్త్రీలలో ఈమె కూడా ఉందేమో, ఇప్పుడు నన్ను నిలదీస్తుందేమో అనుకున్నాను.

“అయితే అమ్మగారూ, ఆ బిడ్డకి పాలెవరిచ్చారు?” అంది.

ఆడో మగో కూడా నాకు తెలియదు. మూడేళ్లు ఎదుటింట్లోనే ఉన్నాను. ఒక్కనాడూ అడగలేదు.